బండి కొన్న వానాకాలం

మాకు మొదటి పాప ప్రాణం లేకుండా పుట్టిన ఏడాదే మేం మోటారుసైకిలు కొన్నాం. ఈ రెండింటినీ ఒకచోట చెప్పడం ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు. కానీ ఆ వేసవినీ, దాని వెనకే వచ్చిన వానాకాలాన్నీ తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి షోరూములే. కొత్త రబ్బరు వాసన, అద్దాల తలుపు వెనక అన్నీ ఒకే వైపుకు వాలి నిలబడ్డ బళ్లు, అడక్కుండానే తెచ్చి పెట్టే కూల్‌డ్రింకులు. ఆసుపత్రి అంత వివరంగా గుర్తు లేదు.

అప్పట్లో హఫీజ్‌పేట్‌లో ఒక మేడమీద రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. నేనూ నా భార్యా కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లం. కింద ఉండే ఇంటివాళ్లది తరతరాలుగా ఆ ఊరే. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో నాకు ఉద్యోగం. చుట్టూ ఇంకా రాళ్లగుట్టలే. ఎక్కడో బండలు పేలిస్తే మా అంతస్తులో కిటికీ అద్దాలు సన్నగా అదిరేవి. నా పని, ఎవరో ఎప్పుడో రాసిన పాత ప్రోగ్రాముల్లో రెండంకెలతో ఉన్న సంవత్సరాలను వెతికి నాలుగంకెలు చేయడం. రెండు వేల సంవత్సరం వచ్చేలోపు అదంతా అయిపోవాలని తొందర. బుర్ర పెద్దగా పెట్టక్కర్లేని పని. ఆ ఏడాది నాకు అది బాగా పనికొచ్చింది.

నా భార్య కొండాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. పొద్దున ఇద్దరం కలిసే బయల్దేరి, సెవెన్ సీటర్ ఆటో ఎక్కేవాళ్లం. పేరుకే ఏడుగురు. డ్రైవరుకి అటూ ఇటూ కూడా మనుషులు వేలాడేవారు. తను బడి దగ్గర దిగేది, నేను కొత్తగూడ చౌరస్తాలో ఇంకో ఆటో మారేవాణ్ణి. నెలలు నిండుతున్నా ఎండాకాలం సెలవులిచ్చేదాకా తను అలాగే వెళ్లింది.

ఎండలు ముదిరిన రోజుల్లో నొప్పులొచ్చాయి. అంతకు రెండు వారాల ముందే మా అత్తగారు ఊర్నుంచి వచ్చి ఉన్నారు. ఆసుపత్రిలో తనను లోపలికి తీసుకెళ్లాక చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, బొడ్డుతాడు మెడకు చుట్టుకుందనీ, ఇలా ఒక్కోసారి అవుతుందనీ, ఎవరి తప్పూ లేదనీ చెప్పింది. మంచిదండి అన్నాను. అలాంటి చోట మంచిదండి అనకూడదని తర్వాత తోచింది. నర్సు తెల్ల తువ్వాల్లో చుట్టి తెచ్చి, చూస్తారా అని అడిగింది. నేను వద్దన్నట్టున్నాను. మొహం మీద గుడ్డ తీయలేదు. కింద ఉండే మా ఇంటాయన వచ్చాడు. ఆయనా నేనూ తీసుకెళ్లి, ఆ ఊరివాళ్లు పిల్లల్ని పెట్టే చోట పెట్టి వచ్చాం.

ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు చూశాను. పన్ను పీకేముందు చిగుళ్లకి సూది వేస్తే, వేలితో నొక్కినట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు కదా, అలా ఉండేది. తనకెలా ఉందో నాకు తెలియదు. అన్నం పెడితే తినేది. అడిగిన దానికి జవాబు చెప్పేది. అత్తగారు నెల రోజులుండి వెళ్లిపోయారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండేవారు. వెళ్లాక ఆ మాట కూడా లేదు.

జూన్‌లో బడి తెరిచారు. రాగలిగితే రమ్మని హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపింది. తను వెళతానంది. ఆ సంగతి తెలిసి ఇంటావిడ పైకి వచ్చింది. మనసున్న మనిషి. నా భార్యను ఎప్పుడూ బిడ్డా అనే పిలిచేది. బియ్యంలో రాళ్లేరుతున్న తన పక్కన కూర్చుని, "ఆ ఆటోల కుదుపులకే గిట్లయిందేమో బిడ్డా. ఇగ అవి ఎక్కకు," అంది.

డాక్టరు అలా చెప్పలేదని నేను అనాల్సింది. అనలేదు. నా భార్య, "అంతేనేమోనండీ," అని ఇంకో రాయి తీసి పక్కన పెట్టింది.

ఇంటాయనకు ఈ మాట చేరినట్టుంది. సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, "బండి తీస్కోండ్రి సారూ. అమ్మను బడికాడ దింపి మీరు ఆఫీసుకు పోవచ్చు. ఎందుకీ పరేషాన్," అన్నాడు. ఆయన మాటల్లో ఇంకేం లేదు. సరేనన్నాను. ఎవరేం చెప్పినా సరేననే రోజులవి.

అలా మొదలైంది. ఆఫీసులో ఒక మాట అన్నానో లేదో, ప్రతివాడూ పండితుడయ్యాడు. ఫోర్ స్ట్రోకే కొను, లీటరుకి ఎన్నో కిలోమీటర్లు పోతుందని ఒకతను. అది ఎడ్లబండి, గుట్ట ఎక్కాలంటే టూ స్ట్రోకే, దాని లాగుడు దేనికీ రాదని ఇంకొకతను. సెకండ్ హ్యాండ్ కొని, చేయి తిరిగాక కొత్తది కొనమని మా మేనేజరు. నేను అందరి మాటా విని అందరితోనూ ఔనన్నాను. చాలా రోజుల తర్వాత నన్ను చూసి ఎవరూ గొంతు తగ్గించకుండా మాట్లాడిన సందర్భమది. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి మళ్లీ మనుషులు రావడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చి అవన్నీ తనకు చెప్పాను. చెప్పేందుకు వేరే ఏం లేదు. తను కూర తరుగుతూ వింది. విని, టూ స్ట్రోక్ అంటే ఏమిటని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలనీ, పొగ ఎక్కువ వస్తుందనీ. మర్నాడు, వెనక కూర్చున్నవాళ్లకు పాదం పెట్టుకోవడానికి ఏముంటుందని అడిగింది. ఆ మర్నాడు, వానలో బ్రేకు పడుతుందా అని. బండ్ల మీద ఇద్దరికీ ఏనాడూ ఆసక్తి లేదు. కాలేజీ రోజుల్లో నేను మా మేనమామ బండి మీద నేర్చుకోవడమే, తర్వాత ముట్టుకోలేదు. అయినా ఆ రెండు వారాలు అన్నం దగ్గరా, దీపం తీసేముందూ మేం మాట్లాడుకున్నది బండ్ల గురించే. బండి గురించి ఏం అడిగినా జవాబు ఉండేది. అది అయిపోగానే మళ్లీ ఇల్లు నిశ్శబ్దమయ్యేది కాబట్టి, ఎంత వీలైతే అంత సాగదీసేవాళ్లం.

ఒక ఆదివారం మియాపూర్ వైపు మెయిన్ రోడ్డు మీదున్న షోరూముకి వెళ్లాం. తను చాలా రోజుల తర్వాత ఇస్త్రీ చీర కట్టుకుంది. అక్కడ అమ్మకాలు చూసే ఆయనకు నలభై దాటి ఉంటాయి. టై కట్టుకుని, మోచేతి దాకా మడిచిన చొక్కాతో ఉన్నాడు. మాట తీరు మా వైపుదే. ఒక్కో బండి దగ్గరా నిలబెట్టి ఓపిగ్గా చెప్పాడు. వెనక చక్రంలో చీర చిక్కుకోకుండా ఎడమవైపు శారీ గార్డ్ వాళ్లే బిగించి ఇస్తారట. వెనక పట్టుకోవడానికి కడ్డీ కూడా. తను వంగి ఆ గార్డు జాలీ లోంచి వేలు దూర్చి చూసింది.

తర్వాత ఆయన నల్లటి ఫోర్ స్ట్రోక్ బండి ట్యాంకు మీద అరచేత్తో తట్టి, "ఇదిగో, ఇక్కడ పాపో బాబో హాయిగా కూర్చోవచ్చండి. ట్యాంకు వెడల్పు, జారరు. పిల్లలెంతమందండి?" అన్నాడు.

లేరండి అనడానికి నేను నోరు తెరిచాను. ఈలోపే తను, "ఒక పాపండి," అంది.

"ఎన్నేళ్లండి?"

"ఏళ్లు కాదండి. ఇంకా నెలల పిల్ల."

"అయితే ఇంకో రెండేళ్లు అమ్మ ఒళ్లోనే," అని నవ్వాడు. "పేరేం పెట్టారు?"

"ఇంకా పెట్టలేదండి," అంది తను.

నేను స్పీడు చూపించే ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాను. అది సున్నా దగ్గర ఉంది. తన మొహం వైపు చూడలేదు. ఆయన మళ్లీ మైలేజీలోకి వెళ్లిపోయాడు. నేను అడగాల్సినవి అడిగాను. చేతిలో పెట్టిన కాగితాలు తీసుకుని బయటికొచ్చి ఆటో ఎక్కాం. ఆటోలో ఒకావిడ ఒళ్లో కోడిపుంజు ఉంది. తను దాన్ని చూస్తూ కూర్చుంది.  కోపం రాలేదు. బాధ అనిపించిందా అంటే అదీ చెప్పలేను. తను అబద్ధమాడిందని కూడా అనిపించలేదు. లెక్కకి ఆ జవాబులన్నీ నిజమే.

ఆ తర్వాతి ఆదివారానికి నేను కూకట్‌పల్లిలో ఇంకో షోరూము చూద్దామనుకున్నాను. ఆఫీసులో టూ స్ట్రోక్ పక్షం వాడు పదే పదే చెప్పాడు మరి. తను, "అక్కడికెందుకండీ, మొన్నటి చోటికే వెళదాం. నడిపి చూడమన్నారు కదా," అంది. ఎందుకో నాకు అర్థమైంది. ఈ ఊళ్లో మా పాప ఉన్న చోటు అదొక్కటే. సరేనన్నాను.

మమ్మల్ని చూడగానే ఆయన గుర్తుపట్టి, కుర్చీలు వేయించాడు. పాపను ఎవరి దగ్గర వదిలి వచ్చారని అడిగాడు.

"మా ఇంటావిడ దగ్గరండి," అంది తను.

 ఆయన నా వైపు చూశాడు. నేను, "నిద్రపోతోందండి," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అంటే, ఆలోచించి అనలేదు. అన్నాక తను నా వైపు తిరిగి చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా నేరుగా చూడటం అదే మొదటిసారి. తర్వాత ఆయన తాళంచెవి తెచ్చి ఇచ్చాడు. మేం లేచాం.

నడపడం మర్చిపోయానేమో అనుకున్నాను గానీ చేతులకు గుర్తుంది. తను ఒకవైపుకి కూర్చుని కడ్డీ పట్టుకుంది. నా భుజం మీద చేయి వేయలేదు. మొదటి గేరులో బండి ఎగిరి పడినంత పని చేసింది. మెయిన్ రోడ్డు ఎక్కాక నెమ్మదించింది. ముందున్న చౌరస్తా దాకా వెళ్లి తిరిగి వచ్చేయమన్నారు. అక్కడికి చేరాక తను, "ఇంకొంచెం దూరం పోదాం," అంది. పోయాం. పొలాలు, మధ్యలో ప్లాట్ల సరిహద్దు రాళ్లు, ఒక కల్లు దుకాణం. మబ్బు పట్టి ఉంది. ఎక్కడా ఆగలేదు. చాలాసేపటికి తనే చాలంది. తిరిగొచ్చేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆలస్యమైందని ఏం అనలేదు.

టూ స్ట్రోక్ కూడా ఒకసారి స్టార్ట్ చేసి చూపించాడు. తను రెండు చప్పుళ్లూ విని, నల్లదే తీసుకుందామంది. ఎందుకని ఆయన అడిగితే, ఇది మెత్తగా ఉందండి, ఎవరికీ నిద్ర చెడదు, అంది. ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. బయానా ఇచ్చి వచ్చాం. ఆఫీసులో ఫోర్ స్ట్రోక్ పక్షం వాళ్లు తామే గెలిచామనుకున్నారు. టూ స్ట్రోక్ వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బండి ఇచ్చే రోజు శుక్రవారం. నేను మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. తను బడి నుంచి నేరుగా వచ్చింది. బండికి దండ వేసి, హ్యాండిల్‌కి నిమ్మకాయ కట్టి, వాకిట్లో పెట్టి ఉంచారు. శారీ గార్డ్ బిగించారు. కాగితాల మీద సంతకాలయ్యాయి. అప్పుడు ఆయన బల్ల సొరుగులోంచి ఒక పొట్లం తీసి నా భార్య చేతిలో పెట్టాడు. చిన్న ఉన్ని టోపీ. పసుపు రంగుది. చెవుల మీదికి దిగి, గడ్డం కింద కట్టుకోవడానికి దారాలున్నాయి.

"మా ఆవిడ అల్లిందండి. రేపట్నుంచి పాపను బండి మీద తిప్పుతారు కదా, గాలి తగలకుండా," అన్నాడు.

తను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలికి రెండు వేళ్లు పెట్టి సాగదీసి, ఎంత పడుతుందో చూసింది. అల్లిక బాగుందంది. తర్వాత అదే గొంతుతో, "పాప లేదండీ. పుట్టింది గానీ బతికి పుట్టలేదు. ఎండాకాలంలో," అని చెప్పింది.

ఆయన నా వైపు చూశాడు. నేను ఔనన్నట్టు తల ఊపాను. టోపీ కోసం చేయి కొంచెం ముందుకు చాచాడు, తిరిగి తీసుకోవాలేమో అన్నట్టు. కానీ తను అప్పటికే దాన్ని సంచిలో పెట్టేసుకుంది. చేయి వెనక్కి తీసుకున్నాడు.  ఏదో అంటాడనుకున్నాను.

"చోక్ ఇక్కడుంటుందండి," అన్నాడు. "చలికాలం పొద్దున్నే ఇది కొంచెం లాగి కిక్ కొట్టాలి. ఇంజను వేడెక్కాక మళ్లీ లోపలికి తోసెయ్యాలి."

మేం ఇద్దరం వంగి చూశాం. పెట్రోలు అయిపోవస్తే ఏ నాబ్ ఎటు తిప్పాలో, గొలుసు ఎంత వదులుండాలో, మొదటి సర్వీసుకి ఎప్పుడు తేవాలో, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. చెప్పినవే ఒకటి రెండు మళ్లీ చెప్పాడు. మేం ఆయన చేతుల్నే చూస్తూ, పరీక్షకు వెళ్లేవాళ్లలా విన్నాం. తను మధ్యలో, నాబ్ తిప్పాక ఎంత దూరం పోతుందని అడిగింది. ఊరు చేరతారమ్మా, అన్నాడు. చివరికి తాళం నా చేతిలో పెట్టి, నా భార్యకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. మేమూ పెట్టాం. నిమ్మకాయ తొక్కించి రోడ్డెక్కాం. తర్వాత సర్వీసుకి వెళ్లినప్పుడల్లా నన్ను చూసి బండి ఎలా ఉందని మాత్రం అడిగేవాడు. ఆ టోపీ ఇంట్లో ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు.

వానలు గట్టిగా పట్టాయి. పొద్దున తనను బడి దగ్గర దింపేవాణ్ణి, సాయంత్రం వీలైతే ఎక్కించుకునేవాణ్ణి. ఇంటావిడ ముందు రోజుల్లో గేటు దాకా వచ్చి నిలబడేది. తర్వాత మానేసింది. ఇంటాయన అప్పుడప్పుడు టైరు నొక్కి చూసేవాడు. రోడ్డు మీద బురద, లారీల వెనక కంకర. ఒక చేతిలో గొడుగు తెరిచి పట్టుకోవడం కుదరదు కాబట్టి, ఇద్దరికీ రెయిన్‌కోట్లు కొన్నాం. తను చీర మీద వేసుకుంటే కింది కుచ్చెళ్లు ఎలాగూ తడిసేవి. బండి మీద పెద్దగా మాటలుండేవి కావు. గుంత అని తను హెచ్చరించడం, చూశాలే అని నేను అనడం.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున, కొండాపూర్ దారి పట్టాక, వెనక నుంచి, "మీరు చూళ్లేదు కదా," అంది.

"ఏంటి?"

"పాపని."

"లేదు," అన్నాను.

కొంచెం దూరం పోయాక మొదలుపెట్టింది. జుట్టు ఒత్తుగా ఉందట. తడిసి నుదుటికి అంటుకుందట. కనుబొమలు నావేనట. ఎడమచేతి గుప్పిట మూసి ఉంటే తను ఒక్కో వేలూ విప్పి చూసిందట, గోళ్లు కూడా వచ్చి ఉన్నాయట. నర్సు చాలమ్మా అంటున్నా ఇంకొంచెంసేపు ఉంచుకున్నానంది. మా ఇద్దరి మొహాలూ రోడ్డు వైపే ఉన్నాయి. గాలికి కొన్ని మాటలు నాకు అందలేదు. మళ్లీ చెప్పమని అడగలేదు. నా చేతులు గేరు మార్చడం, బ్రేకు నొక్కడం వాటంతటవే చేస్తున్నాయి.

"బడి దాటిపోయిందండీ," అంది తను, మామూలు గొంతుతో.

ఆపాను. ఎదురుగా వస్తున్న లారీ పోయేదాకా ఆగి, బండి తిప్పి, గేటు దగ్గర దింపాను. తను కుచ్చెళ్లు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఆఫీసుకి వెళ్లాను. పార్కింగులో ఇంజను ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నట్టున్నాను. కాపలా ఉండే ముసలాయన వచ్చి, "సారూ, జర లైన్లకు పెట్టండ్రి, వెనక వేరేటోళ్లు వస్తున్నరు," అన్నాడు. దిగి, లైన్లో పెట్టాను. ఆ రోజు పనిలో తప్పులేం చేయలేదు.

సాయంత్రం తనను ఎక్కించుకుని వస్తుంటే, పొద్దున వదిలిన చోటి నుంచే అన్నట్టు, "మీరెలా తీసుకెళ్లారు?" అని అడిగింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాను. ఇంటాయన స్కూటరు మీద వెనక కూర్చున్నాను. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. గుంతలొచ్చినప్పుడల్లా ఆయన బండి పూర్తిగా నెమ్మది చేశాడు. వెనక వాళ్లు హారన్లు కొడుతున్నా జరగలేదు.

"బరువుందా?" అంది.

"ఉంది."

 రైలు పట్టాలు దాటేసరికి మళ్లీ చినుకులు మొదలయ్యాయి. రెయిన్‌కోట్లు సంచిలో ఉన్నాయి. ఆపి వేసుకుందామా అని అడిగింది. ఇంకెంత దూరం, వెళ్లిపోదాం అన్నాను. సరేనంది.